సోలార్‌కి నా గాజులెందుకు?

నిరుడు ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే సోలార్‌ కంపెనీ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. మావారి ఆఫీసులో ఎవరో నంబరు ఇచ్చారట. కాఫీ తాగి, మేడ ఎక్కి టేపుతో కొలిచి, కిందికి వచ్చి సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్‌ తెరిచాడు. "సార్‌, మీకు 3 కిలోవాట్లు పెట్టేద్దాం. లక్షా తొంభై ఎనిమిది వేలు. అందులో 78,000 గవర్నమెంటే ఇస్తుంది. ఇక కరెంటు బిల్లు అనే మాటే ఉండదు సార్‌" అన్నాడు. మీటరు ఎవరి పేరు మీద ఉందని అడిగితే మావారు నా వైపు చూపించారు. స్థలం మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఇల్లు నా పేరునే ఉంది, మీటరూ నా పేరునే ఉంది. "అయితే మేడమ్‌ సంతకాలు చాలు సార్‌, మేడమ్‌ ఎక్కడికీ రానక్కర్లేదు" అన్నాడు ఆ అబ్బాయి, ఆ మాట కూడా ఆయనతోనే.

అతను వెళ్ళాక భోజనాల దగ్గర డబ్బు మాట వచ్చింది. సబ్సిడీ తర్వాత వస్తుంది, ముందు రెండు లక్షలు చేతిలో ఉండాలి. మావారికి వెంటనే తట్టినది నా గాజులు. "బ్యాంకులో పెడితే గంటలో డబ్బు చేతికొస్తుంది. బీరువాలో ఊరికే పడున్నాయి కదా" అన్నారు. అత్తయ్య వెంటనే "వద్దురా, నా డిపాజిట్‌ తీసుకోండి" అన్నారు. మా అబ్బాయి ఫోన్లో చూస్తూ "కంపెనీవాళ్ళే ఈఎంఐ ఇస్తారట నాన్నా, జీరో డౌన్‌ పేమెంట్‌" అన్నాడు. నేను మజ్జిగ పోస్తూ అప్పటికి ఏమీ అనలేదు. కానీ ఆ "ఊరికే పడున్నాయి" అన్న మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ గాజులు ఊరికే పడిలేవు. ఒకసారి వెళ్ళి వచ్చినవి అవి. బాబు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ఫీజు కోసం 1,10,000కి బ్యాంకులో పెట్టాం. ఏడాదిలో విడిపిద్దాం అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి అసలు కట్టడానికి డబ్బు లేదు, వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించాం. రెండో ఏడూ అంతే. మూడో ఏడాది చివర్లో ఆయన పీఎఫ్‌లోంచి తీసి విడిపించారు. అప్పటికి వడ్డీయే ముప్పై వేల దాకా కట్టాం. ఆ మూడేళ్ళలో మా చెల్లెలి కూతురి పెళ్ళి జరిగింది. నేను మట్టి గాజులతో వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ అందరూ చూశారు. ఇది చదివే మీలో చాలామందికి ఈ సంగతి కొత్త కాదని నాకు తెలుసు.

అందుకే ఈసారి లెక్క నేనే చూస్తానన్నాను. ఆయన నవ్వారు, కాదనలేదు.

మొదట ఈ పథకం గురించి రెండు మాటలు. పేరు పీఎం సూర్య ఘర్‌ ముఫ్త్‌ బిజిలీ యోజన, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. పేరులో "ఉచితం" అని ఉండేసరికి, ప్యానెల్స్‌ ఊరికే ఇస్తారనుకుని మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆశపడ్డారు కూడా. ఉచితం కాదు, సబ్సిడీ. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, మూడో కిలోవాట్‌కు మాత్రం 18,000 కలిపి మొత్తం 78,000. ఆపైన 5 కిలోవాట్లు పెట్టుకున్నా అదే 78,000. మన ఆంధ్రలో బీసీ కుటుంబాలకు రాష్ట్రం కిలోవాట్‌కు పదివేల చొప్పున 2 కిలోవాట్ల దాకా అదనంగా ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ప్రభుత్వమే పెట్టిస్తుంది. మీరు ఆ వర్గాల్లో ఉంటే ఏ కంపెనీ అబ్బాయి మాటా వినకముందే కరెంటు ఆఫీసుకు వెళ్ళి ఆ సంగతి కనుక్కోండి.

సబ్సిడీ మీద కంపెనీవాళ్ళు ఆడే మాటల ఆట ఒకటుంది. "మీకు 78,000 తగ్గించి ఇస్తున్నాం" అన్నట్టు చెబుతారు. తగ్గించేది వాళ్ళు కాదు. మనం మొత్తం డబ్బు కట్టి, ప్యానెల్స్‌ బిగించి, నెట్‌ మీటరు పెట్టి, కరెంటు ఆఫీసువాళ్ళు వచ్చి చూసి సరేనన్నాక, కేంద్రం మన బ్యాంకు ఖాతాలో వేస్తుంది. అదీ పోర్టల్‌లో నమోదైన కంపెనీ చేత, మన దేశంలో చేసిన ప్యానెల్స్‌ పెట్టించుకుంటేనే. చవగ్గా వస్తున్నాయని వేరే ప్యానెల్స్‌ పెట్టించుకుంటే సబ్సిడీ మీద ఆశ వదులుకోవాలి. మీటరు పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటిగా ఉండడం కూడా ముఖ్యం. చాలా ఇళ్ళలో మీటరు ఇంకా పోయిన మామగారి పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ళ పేరు మీదో ఉంటుంది. ముందు అది మార్పించుకోండి.

ఇక మా లెక్క. మా వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే నేను మీటరు రీడింగు కూడా రాస్తాను. అదో పిచ్చి అలవాటు. రీడింగు తీసేవాళ్ళు ఆలస్యంగా వస్తే యూనిట్లు పై స్లాబులోకి వెళ్ళిపోతాయన్న భయంతో మొదలుపెట్టాను. ఆ పన్నెండు నెలలూ కూడి చూస్తే మా వాడకం మేలో 510 యూనిట్లు, డిసెంబరులో 240. ఏడాది సగటు నెలకు 350.

ఇప్పుడు స్లాబులు చూడండి. మన రాష్ట్రంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్‌ 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, అది దాటితే 9.75. అంటే 350 యూనిట్లకు యూనిట్‌ చార్జీ ఒక్కటే 2,110 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దాని మీద వేరు, వాటిని నేను లెక్కలోకి తీసుకోలేదు.

మన ఎండకి ఒక కిలోవాట్‌ ప్యానెల్స్‌ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకు 120. 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు. 350లోంచి 240 పోతే మిగిలేది 110. ఆ 110 యూనిట్లకు అయ్యేది దాదాపు 350 రూపాయలే. ఎందుకంటే సోలార్‌ ముందు కోసేది ఖరీదైన పై స్లాబులనే. 8.75 యూనిట్లు, 6 రూపాయల యూనిట్లు పోయి, కింద చవక యూనిట్లు మిగులుతాయి. అంటే 2 కిలోవాట్లతోనే నెలకు 1,760 మిగులుతుంది. మూడో కిలోవాట్‌ పెడితే అదనంగా మిగిలేది ఆ 350 మాత్రమే. ఆ కిలోవాట్‌కి సబ్సిడీ కూడా పద్దెనిమిది వేలే!

ఈ సంగతి గ్రహించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. మర్నాడు కంపెనీ అబ్బాయికి నేనే ఫోన్‌ చేసి 2 కిలోవాట్లకు ఎంతవుతుందని అడిగాను. 1,42,000 అన్నాడు. "సార్‌తో మాట్లాడతాను మేడమ్‌, 3 కిలోవాట్లే బెస్ట్‌" అని కూడా అన్నాడు. "సార్‌కి చెప్పాల్సింది నేను చెబుతాలే బాబూ" అన్నాను. తర్వాత సెప్టెంబరు 22 నుంచి సోలార్‌ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. దసరా అయ్యాక పంపిన కాగితంలోనూ పాత ధరే ఉంది. జీఎస్టీ తగ్గింది కదా అని అడిగితే, ఆఫీసులో కనుక్కుంటానని చెప్పి సాయంత్రానికి 1,35,000 చేశాడు. అడగకపోతే ఆ ఏడు వేలు వాళ్ళవే. 3 కిలోవాట్లది కూడా 1,90,000కి దిగింది.

సబ్సిడీలు తీసేస్తే 2 కిలోవాట్లకు మాకు పడేది 75,000, మూడింటికైతే 1,12,000. 75,000 పెడితే నెలకు 1,760 మిగులుతుంది కాబట్టి మూడున్నరేళ్ళలో డబ్బు తిరిగి వస్తుంది. మూడో కిలోవాట్‌ కోసం అదనంగా పెట్టే 37,000 తిరిగి రావాలంటే దాదాపు తొమ్మిదేళ్ళు పడుతుంది. ఎక్కువ అప్పు చేయించడానికే ఆ "బెస్ట్‌" అన్న మాట. రెండు ఏసీలు పగలంతా తిరిగే ఇంట్లో నెలకు 500, 600 యూనిట్లు కాలుతుంటే మూడు కిలోవాట్లు సబబే. మాకు కాదు.

అప్పు ఎంత కావాలో తేలాక, అది ఎక్కణ్ణుంచి అనేది రెండో లెక్క. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే.

కంపెనీవాళ్ళ ఈఎంఐ ముందు చూద్దాం. వాళ్ళతో ఒప్పందం ఉన్న ఫైనాన్స్‌ సంస్థ కాగితం పంపించాడు. వడ్డీ 9 శాతం అని రాసుంది. బాగానే ఉందే అనిపిస్తుంది. పక్కన చిన్న అక్షరాల్లో "ఫ్లాట్‌" అని ఉంది. అంటే అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే ఐదేళ్ళూ నడుస్తుంది. లక్షన్నరకి ఐదేళ్ళలో వడ్డీ 67,500, నెలకు 3,625. బ్యాంకువాళ్ళు కట్టే పద్ధతిలో చూస్తే అది దాదాపు 16 శాతం. నేను తెలుగు బీఏ చదివినదాన్ని, లెక్కల్లో ఎప్పుడూ అంతంతమాత్రమే. కానీ 1,50,000ని 3,625తో అరవై నెలలు కట్టి చూస్తే ఎంతవుతుందో గుణించడానికి డిగ్రీ అక్కర్లేదు. ఏ ఈఎంఐ కాగితం వచ్చినా మొదట నెల వాయిదాని నెలలతో గుణించండి. శాతాలు తర్వాత చూడొచ్చు.

చీటీ పాడుకుందామా అని నాకే ఒకసారి అనిపించింది. మా వీధి చీటీలో నాది రెండు లక్షలది నడుస్తోంది. నాలుగైదు నెలలే అయింది. ఇప్పుడు పాడుకోవాలంటే ముప్పై, నలభై వేలు వదులుకోవాలి. మా అమ్మాయి పీజీకి అనుకున్న చీటీ అది. సబ్సిడీ ఇచ్చే అరవై వేలలో సగం పైన పాటలోనే పోగొట్టుకుంటే ఇక సబ్సిడీ ఎందుకు?

అత్తయ్య డిపాజిట్‌ సంగతి ఇంకోటి. ఆవిడకి పెద్దవాళ్ళకిచ్చే అరశాతంతో కలిపి 7 పైనే వడ్డీ వస్తోంది. మేము చివరికి తీసుకున్న అప్పు వడ్డీ అంతకన్నా తక్కువ. ఎక్కువ తెచ్చిపెట్టేదాన్ని చెరిపేసి తక్కువ వడ్డీ అప్పుని తప్పించుకోవడం ఎటు చూసినా నష్టమే. అదలా ఉంచండి. మామయ్యగారు పోయాక ఆవిడ పేరు మీద ఉన్నది అదొక్కటే. ఏ జ్వరం వచ్చినా కొడుకుని అడగనవసరం లేదన్న ధైర్యం ఆవిడకి దానివల్లే. "మీరు ఇస్తానన్నారు, చాలు అత్తయ్యా" అన్నాను. ఆవిడ ముఖంలో కాస్త తేలిక కనిపించిందని నాకు అనిపించింది. ఇస్తానన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నారు, అదీ నిజమే.

ఇల్లు కట్టిన అప్పు నడుస్తున్నవాళ్ళు దాని మీద టాప్‌ అప్‌ అడగొచ్చు. కానీ దాని వడ్డీ, చార్జీలు ఈ పథకం అప్పుకన్నా ఎక్కువే ఉంటాయి, పైగా ఇంటి కాగితాల మీద ఇంకో భారం.

ఇక మిగిలింది ఈ పథకం కిందే ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చే అప్పు. దీని గురించి కంపెనీ అబ్బాయి ఒక్క మాట చెప్పలేదు. 3 కిలోవాట్ల వరకు 2 లక్షల దాకా ఇస్తారు. తాకట్టు ఏమీ అక్కర్లేదు. రిజర్వ్‌ బ్యాంకు రెపో రేటు మీద అరశాతం చొప్పున వడ్డీ, మేము తీసుకున్నప్పుడు 6 శాతం. రెపో మారితే అదీ మారుతుంది. పదేళ్ళ వరకు గడువు. మన చేతి నుంచి పదో వంతు పెట్టుకుంటే చాలు. జన్‌ సమర్థ్‌ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. బంగారం మీద అప్పుకన్నా చవక, బంగారం మాత్రం బీరువాలోనే ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి?

1,35,000లో మేము పెట్టింది 13,500, అప్పు 1,21,500. పదేళ్ళకి వాయిదా నెలకు 1,349. మిగులుతుందనుకున్నది 1,760. అంటే సోలార్‌ వాయిదాని సోలారే కడుతుంది, నెల జీతంలోంచి రూపాయి తీయక్కర్లేదు. సబ్సిడీ 60,000 మా బ్యాంకులో నేరుగా అప్పు ఖాతాకే పడింది. వాయిదా తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడిగారు. గడువే తగ్గించమన్నాం. అదే 1,349 కడుతూ పోతే, మిగిలిన అప్పు నాలుగేళ్ళ నాలుగు నెలల్లో తీరిపోతుంది.

ఇంత సులువుగా చెప్పాను కానీ బ్యాంకులో పని అంత సులువుగా కాలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ అప్పు సంగతే తెలియనట్టు మాట్లాడారు. "బంగారం ఉందా అమ్మా, అదైతే ఇప్పుడే ఇచ్చేస్తాం" అన్నారు కౌంటర్లో. లేదని అబద్ధం చెప్పాను. దేవుడు క్షమిస్తాడు. రెండోసారి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టిన కాగితం పట్టుకెళితే లోపలికి పంపారు. "మీకు ఆదాయం ఏముందమ్మా?" అని అడిగారు ఆఫీసరుగారు. ఏముంటుంది? ఇరవై మూడేళ్ళుగా ఇల్లు నడుపుతున్నానని చెబితే ఏ గడిలో రాసుకుంటారు? సిబిల్‌ చూశారు. ఎప్పుడూ నా పేరు మీద అప్పు తీసుకోలేదు కాబట్టి నాకు స్కోరే లేదట. నా గాజుల మీద తీసుకున్న అప్పు కూడా ఆయన పేరు మీదే కదా. చివరికి మావారిని సహ దరఖాస్తుదారుగా చేర్చుకుని ఇచ్చారు. ఆ రోజు నాకు కాస్త కష్టంగానే అనిపించింది. అయినా వాయిదా నా పేరు మీద, నా ఖాతాలోంచి వెళుతోంది. నాలుగేళ్ళ తర్వాత స్కోరు లేదు అనే మాట నాకు వర్తించదు.

దరఖాస్తు నుంచి డబ్బు వచ్చేదాకా ఆరు వారాలు పట్టింది. గాజులు పెడితే గంట. మావారు ఆ మాట మూడుసార్లు గుర్తు చేశారు. ప్యానెల్స్‌ ఇరవై ఐదేళ్ళు ఉండేవట, ఆరు వారాలు ఆగితే ఏం అని నేనూ మూడుసార్లు అన్నాను.

మేడ గురించి ఒక మాట చెప్పాలి, ఇది మగవాళ్ళు ఎవరూ చెప్పరు. ప్యానెల్స్‌ నేలకి రెండడుగుల ఎత్తులో బిగిస్తే మేడ మొత్తం పోతుంది. వడియాలు, ఎండుమిరపకాయలు, ఆవకాయకి ఆరబెట్టే మామిడి ముక్కలు, దుప్పట్లు... మనకి మేడ అంటే ఇవీ. నేను ఎనిమిదడుగుల స్టాండు కావాలని పట్టుబట్టాను. అందుకు 12,000 అయింది, అది ఆ 1,35,000లో కలిపే చెప్పాను. స్టాండుకి విడిగా సబ్సిడీ రాదు. కింద నీడ వచ్చింది కాబట్టి వడియాలు ఇప్పుడు మేడ దక్షిణం వైపు ఒక చారలో పెడుతున్నాను, నీడలో అత్తయ్య కుర్చీ వేసుకుంటున్నారు. పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ప్యానెల్స్‌ మీద పడుతుందేమో ముందే చూసుకోండి. ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

ఇంకో సంగతి తెలిసి మా అత్తయ్య తెగ ఆశ్చర్యపోయారు. వీధిలో కరెంటు పోతే మనకీ పోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైన్ల మీద పనిచేసేవాళ్ళకి షాకు కొట్టకుండా అలా ఏర్పాటు. బ్యాటరీ పెట్టుకుంటే వేరు, దానికి బోలెడు డబ్బు. ఇన్వర్టర్‌ అమ్మేసుకోవచ్చు అనుకునేవాళ్ళు ఆగండి.

అందరూ పెట్టించుకోండి అని కూడా నేను చెప్పను. వరంగల్‌లో మా చెల్లెలు మా ప్యానెల్స్‌ ఫోటో చూసి తనూ పెట్టిస్తానంది. వాళ్ళకి రేషన్‌ కార్డు ఉంది, గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కాబట్టి బిల్లు సున్నా వస్తోంది. సున్నాలోంచి ఏం మిగులుతుంది? వద్దని చెప్పాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కూడా అడిగింది. వాళ్ళ పొదుపు సంఘంలో అప్పు వస్తుందట, సోలార్‌కి వాడుకోవచ్చా అని. వాళ్ళ బిల్లు తెమ్మన్నాను. నెలకు 90 యూనిట్లు, చార్జీ 260 రూపాయలు. సంఘం అప్పు వాయిదా నెలకు వేయి దాటుతుంది, ఒక నెల తప్పితే మిగతా తొమ్మిదిమంది ముందు తల దించుకోవాలి. ఆ అప్పు కుట్టుమిషనుకో, గేదెకో తీసుకుంటే నాలుగు డబ్బులు వస్తాయి గానీ 260 రూపాయల బిల్లు కోసం కాదు అన్నాను. మా లెక్కలో లాభం అంతా ఆ పై స్లాబుల నుంచి వచ్చిందే. నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి అప్పు చేసి సోలార్‌ పెట్టించడం నా దృష్టిలో తొందరపాటు. సబ్సిడీ ఉంది కదా అని ఎగబడడం, సేల్‌ ఉంది కదా అని అక్కర్లేని చీర కొనడం లాంటిదే.

నా లెక్కలో లోపం లేదా అంటే ఉంది. సగటు మీద నెలకు 1,760 మిగులుతుందన్నాను. కానీ డిసెంబరులో మేము కాల్చేదే 240 యూనిట్లు, ఆ నెల మొత్తం చార్జీయే 1,150 లోపు. అంటే చలికాలంలో వాయిదాకి రెండు వందలు చేతి నుంచి పడతాయి. మేలో 510 యూనిట్లు కాలినప్పుడు మిగిలేది 2,200 దాకా. కాబట్టి ఎండాకాలంలో మిగిలినదాన్ని చలికాలానికి దాచుకోవాలి. నేను పోపుల డబ్బా పక్కన ఒక చిన్న డబ్బా పెట్టాను దానికోసం. మావారు దానికి "డిస్కం డబ్బా" అని పేరు పెట్టారు.

డిసెంబరు రెండో వారంలో నెట్‌ మీటరు బిగించారు. జనవరి చివర్లో సబ్సిడీ పడింది. పండక్కి గాజులు వేసుకుని మా అమ్మగారింటికి వెళ్ళాను. మావారు మాత్రం ఇప్పటికీ 3 కిలోవాట్లు పెట్టించాల్సింది అంటారు, వచ్చే ఏడు అబ్బాయి గదిలో ఏసీ పెడితే అప్పుడు తెలుస్తుందంటారు. అదీ నిజం కావచ్చు. ఏప్రిల్‌ నుంచి ప్రతి నెలా రీడింగు క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాస్తాను. మే నెల బిల్లు వచ్చాక ఎవరి మాట నెగ్గిందో ఇక్కడే చెబుతాను. ఈలోగా మీలో ఎవరైనా పెట్టించుకోవాలనుకుంటే ముందు పన్నెండు నెలల బిల్లులు వెతికి ఒకచోట పెట్టండి. కంపెనీ అబ్బాయికి కాఫీ ఆ తర్వాత ఇవ్వొచ్చు.